మహాప్రాణానికి నల్లకార్డు

అమెరికా వచ్చిన పదేళ్లలో భీమశంకరానికి పసుపు కార్డు చూపించారు, ఎర్ర కార్డు చూపించారు, 2014 ఆగస్టు నాటికి నల్లకార్డు కూడా చూపించేశారు. అతను అప్లికేషన్ పెట్టుకున్న రంగు ఒక్కటే ఇంకా ఎవరూ చూపించలేదు.

మొదటి రంగు పడిన రోజు ఇంకో ప్రమాదం కూడా జరిగింది. మన తెలుగులో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. ఆ రోజు మైదానం నుంచే భార్య ఛాయాదేవికి ఫోన్ చేసి "ఛాయా, నాకు పచ్చకార్డు వచ్చిందే!" అన్నాడు. అతను చెప్పింది పసుపు. ఆవిడకి వినపడింది ఆకు. ఇంటికొచ్చేసరికి పదకొండు కుటుంబాలు, మూడు రకాల స్వీట్లు, గుమ్మంలోనే "కంగ్రాట్స్ అండీ!" అంటూ పక్కింటి జ్ఞానప్రసూనగారు. విషయం తెలిశాక ఆ పదకొండు కుటుంబాలూ స్వీట్లు తినేసి, సానుభూతి చెప్పి వెళ్లాయి. "మనిషన్నాక రంగు ఇంటిపేరుతో సహా చెప్పాలండీ" అని ఛాయాదేవి వారంపాటు పళ్లెం చప్పుడు చేస్తూ వడ్డించింది.

భీమశంకరం శాంటా క్లారాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. అంటే పక్కవాళ్ల తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. సోమవారం నుంచి శుక్రవారం దాకా అతను పట్టుకునేవాడు. ఆదివారం వస్తే అతని తప్పులు పట్టుకోవడానికి ఈల మెడలో వేసుకుని ఇంకొకడు తయారుగా ఉండేవాడు. ఎందుకంటే నలభై మూడేళ్ల భీమశంకరం ఆదివారాలు గేలిక్ ఫుట్‌బాల్ ఆడతాడు.

అది ఐర్లండ్ వాళ్ల ఆట. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తొచ్చు, ఆ తర్వాత నేలకేసి కొట్టాలి. గోలు స్తంభాల మధ్య పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే మూడు. ఫుట్‌బాలూ, వాలీబాలూ, కబడ్డీ ఒకే కడుపున పుట్టి ఆస్తి పంపకాల దగ్గర కొట్టుకుంటే ఎలా ఉంటుందో, అలా ఉంటుంది. ఆఫీసులో పక్క క్యూబికల్‌లో కూర్చునే ఓవెన్ కెరిగన్ ఒక పిక్నిక్‌లో భీమశంకరం కబడ్డీ పట్టు చూసి, "మా జట్టులో మనుషులు తక్కువ, వస్తావా?" అని పిలిచాడు. ఆ జట్టు పేరు గ్వాడలూప్ గేల్స్. "గేలిక్ అని పేరులోనే గేలి ఉంది, ఇక మేం విడిగా చేసేదేముంది" అంది ఛాయాదేవి.

ఓవెన్ ఆ జట్టుకి కోచ్, మేనేజరూ. మ్యాచ్ రోజు అతను వేసుకునే చొక్కా మీద ఐరిష్ భాషలో 'బానిష్టోర్' అన్నట్టు ఏదో రాసుంటుంది. మేనేజరని అర్థమట. మొదటిసారి చూసినప్పుడు భీమశంకరానికి గుండె చల్లబడింది. హెచ్-వన్‌బీ వీసా మీద పదేళ్లు పనిచేసినవాడికి మేనేజరు వీపు మీద 'బానిస' అనే మాట సగం పైగా కనపడటం కన్నా పండగేముంది! తీరా ఆటలో దిగాక తెలిసింది, చొక్కా అతనిదే కానీ బానిసత్వం మాత్రం తనదని. మూడు సీజన్లు బెంచీ మీద కూర్చున్నాడు. నీళ్ల సీసాలు అందించాడు. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరికైనా పిక్క పట్టేస్తే లోపలికి వెళ్లాడు. ఆ ఐదు నిమిషాల్లోనే పచ్చలూ ఎర్రలూ సంపాదించాడు. పచ్చ రెండోసారి పడితే ఎర్ర కార్డు చూపించి పంపేస్తారు. పసుపూ కుంకుమా చేతిలో పెట్టి ముత్తయిదువుని సాగనంపినట్టన్నమాట.

అలాంటిది ఆ ఏడు మే నెలలో జట్టు ఫుల్‌బ్యాక్ భుజం ఎముక విరిగింది. ఫుల్‌బ్యాక్ అంటే గోల్‌కీపర్ ముందు గోడలా నిలబడేవాడు. "బీమర్" అన్నాడు ఓవెన్. (భీమశంకరంలో అంతవరకే వాళ్లకి నోరు తిరిగింది. బీమర్ అంటే ఇక్కడివాళ్ల వాడుకలో బీఎండబ్ల్యూ కారు. అలా పిలిపించుకునేవాడు తోలేది మాత్రం కొరోలా.) "బీమర్, ఇక నుంచి మూడో నంబరు జెర్సీ నీది."

ఆ జెర్సీ తెచ్చుకుని భీమశంకరం అద్దం ముందు నిలబడ్డ తీరు ఛాయాదేవి పెళ్లిచూపులనాడు కూడా చూడలేదట. మూడు సీజన్ల తర్వాత మొదటిసారి మ్యాచ్ మొదలయ్యేటప్పుడే లోపల ఉంటాడు. జట్టు గెలుస్తూ గెలుస్తూ సెమీఫైనల్‌కి వచ్చింది. అది దాటితే వచ్చే ఆదివారం ఫైనల్. వచ్చే ఏటికి మోకాళ్లు తనతో ఉంటాయో, విడాకులిస్తాయో తెలియదు. కాబట్టి ఆ ఒక్క ఫైనల్, ఆ మూడో నంబరు. అతనికి కావలసింది అంతే.

అడ్డు ఒక్కటే. నల్లకార్డు.

అది ఆ ఏడే కొత్తగా వచ్చింది. పసుపుకి అన్న, ఎరుపుకి తమ్ముడు. అది పడితే ఆ మనిషి ఆ మ్యాచ్‌కి బయటికి, బదులుగా ఇంకొకడు లోపలికి. సీజన్‌లో మూడు పడితే తర్వాతి మ్యాచ్ నిషేధం. నేరాలు ఐదు. కావాలని కింద పడేయడం, కాలు అడ్డం పెట్టడం, బంతి వదిలేసినవాణ్ణి గుద్దుకోవడం, రిఫరీ మీద విరుచుకుపడటం, ఎదుటి జట్టువాణ్ణి గానీ సొంత జట్టువాణ్ణి గానీ బూతులు తిట్టడం. సొంతవాళ్లని తిట్టుకోవడం కూడా నేరమైన ఆటని తెలుగువాళ్లతో ఆడించాలని చూడటం ఓవెన్ చేసిన మొదటి తప్పు.

మొదటి నల్లకార్డు జూన్‌లో పడింది. పరిగెడుతున్నవాడి నడుం పట్టుకుని కూలేశాడు. అది కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ కబడ్డీ జట్టు నేర్పిన పట్టు, చేతులు వాటంతటవే వెళ్లాయి. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు, ఇక్కడ కార్డు తీశారు. సరే, దానికి వాదించలేదు. జూలైలో రెండోది. "నేను గుద్దలేదు మహాప్రభో! నేనాగాను. నా పొట్ట ఆగడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ లోపు వాడే వచ్చి తగులుకున్నాడు" అని వాదించాడు. రిఫరీ మర్ఫీ వినలేదు. చిన్నప్పుడు ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది, దాంతో వచ్చిన చిక్కే ఈయనతోనూ వచ్చింది. తను చెప్పేది మనం వినాలి, మనం చెప్పేది తను వినడు. రేడియోకి కనీసం చెవి మెలేసే వీలుంది.

సెమీఫైనల్‌కి కూడా మర్ఫీయే రిఫరీ.

ఆట ముగియడానికి ఇంకా మూడు నిమిషాలుంది. గేల్స్ నాలుగు పాయింట్లు ముందున్నారు. అఖాతం మీది నుంచి ఎదురుగాలి. అవతలివాళ్లు ఆకాశమంత ఎత్తుకి బంతి లేపారు. అది దిగే చోట సరిగ్గా అవినాష్ నిలబడ్డాడు. శాన్ హోసేలో ఎంఎస్ చదువుతున్న కరీంనగర్ కుర్రాడు, జట్టులో రెండో తెలుగువాడు. భీమశంకరమే తెచ్చి చేర్పించాడు. రెండు చేతులూ చాచి, కళ్లు పైకి పెట్టి, బంతి కోసం తయారుగా ఉన్నాడు. అతని వెనక నుంచి ముప్పై గజాలు పరిగెత్తుకొస్తున్న భీమశంకరానికి ఆ బంతి తనదే అనిపించింది. ఎందుకనిపించిందంటే, స్టాండులో ఛాయాదేవీ, పదమూడేళ్ల కూతురు రష్మీ కూర్చున్నారు కాబట్టి.

"పక్కకు! యూ! పక్కకు!" అని అరిచాడు.

అన్న జరగమంటే తమ్ముడు జరగడా? అవినాష్ జరిగాడు. భీమశంకరం ఎగిరాడు. నలభై మూడేళ్ల శరీరం ఎంత ఎగరాలో అంతే ఎగిరింది. బంతి అతని వేళ్ల మీదుగా జారి, వెనక నిలబడ్డ అవతలి జట్టువాడి గుండె మీద పడింది. వాడు వెనక్కి తిరిగి వలలోకి తన్నాడు. మూడు పాయింట్లు.

అప్పుడు ఈల ఊదుకుంటూ మర్ఫీ వచ్చాడు. జేబులో నుంచి నల్లకార్డు తీసి భీమశంకరం ముక్కు ముందు నిలబెట్టాడు.

"నేనేం చేశాను?"

"సొంత జట్టు ఆటగాణ్ణి బూతు తిట్టావు. రెండుసార్లు. నా చెవులతో విన్నాను."

"బూతా! నేనా! నేనన్నది తెలుగు!"

"ఆ మాటకి ట్రాన్స్‌లేషన్ అక్కర్లేదు మిత్రమా" అన్నాడు మర్ఫీ, పుస్తకంలో రాసుకుంటూ.

భీమశంకరం బయటికి వెళ్లాడు. మిగిలిన ఆ కాస్తసేపూ గేల్స్ గోళ్లు కొరుక్కుంటూ గడిపి, ఒక్క పాయింటుతో గెలిచారు. జట్టు ఫైనల్‌కి వెళ్లింది. మూడో నల్లకార్డుతో భీమశంకరం వెళ్లలేకపోయాడు.

గెలిచిన జట్టు కోచ్‌లా లేడు ఓవెన్. తిన్నగా అవినాష్ దగ్గరికి వెళ్లి, "అంత తేలిక బంతి వదిలేసి పక్కకి ఎలా జరిగావు? దాదాపు మ్యాచ్ పోయేది. ఆదివారం నువ్వు బెంచీ మీద ఉంటావు" అన్నాడు. అవినాష్ తల వంచుకుని, ఓరకంట భీమశంకరం వైపు చూశాడు. భీమశంకరం షూ లేసు విప్పుకుంటున్నాడు. ఆ లేసు విప్పడానికి చాలాసేపు పట్టింది. ఫైనల్ అయ్యాక ఓవెన్‌కి నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు. ముందు తన కార్డు సంగతి తేలాలి కదా.

ఇంటికి వెళ్తున్నప్పుడు కార్లో రగడ.

"ఛాయా, నువ్వు చెప్పు, నువ్వు స్టాండులో ఉన్నావు. నేనేమన్నాను?"

"పక్కకు అన్నారు. కానీ..."

"కానీ ఏంటి?"

"నాకు తెలుసు కాబట్టి పక్కకు అనుకున్నానండీ. నా పక్కన కూర్చున్న ఐరిష్ ముసలావిడ పిల్ల చెవులు మూసింది."

వెనక సీట్లో నుంచి రష్మి తల పైకెత్తింది. "నానా, నేను రిఫరీ అయితే కూడా కార్డ్ ఇచ్చే. ఇట్ వాజ్ సో లౌడ్. మా స్కూల్ ఫ్రెండ్స్ ఎవ్వరూ రాలేదు, థాంక్ గాడ్."

"పక్కకు అను ఒకసారి."

"ఫక్కకు" అంది రష్మి.

భీమశంకరం కారు పక్కకి తీసి ఆపేశాడు. కూతురు నోట ఆ మాట వినగానే ఏం జరిగిందో అతనికి బుర్రలో వెలిగింది. ప, ఫ. అల్పప్రాణం, మహాప్రాణం. ఆరో తరగతి తెలుగు టీచరు వసంతలక్ష్మిగారు నోటి ముందు కాగితం పెట్టి చూపించేవారు. ప అంటే కాగితం కదలదు, ఒత్తు పెట్టి ఫ అంటే ఊగుతుంది. మూడేళ్లప్పటి నుంచి అమెరికాలో పెరిగిన పిల్ల కాబట్టి ఇంగ్లీషు అలవాటు ప్రకారం రష్మి ప వెనక గాలి వదులుతుంది. మరి అమలాపురంలో పుట్టి పెరిగిన తను? ముప్పై గజాలు పరిగెత్తాడు, ఆయాసంతో అరిచాడు. గాలి లోపల ఆగుతుందా? అల్పప్రాణి నోట్లో పడి అల్పప్రాణం కాస్తా మహాప్రాణమైపోయింది! వెనక 'యూ' ఒకటి తగిలించాడు. తెలుగు మాట మొదలుపెట్టి ఇంగ్లీషు తోక పెట్టకపోతే తోచదు కదా, ఈ దేశంలో బతికేవాడికి! ఆ రెండూ కలిసి, ఇంగ్లీషులో నలుగురిలో అనకూడని నాలుగక్షరాల మాట అయి కూర్చుంది.

"అప్పీల్ చేస్తున్నా" అన్నాడు.

అప్పీలు మీద బుధవారం సాయంత్రం ఆరింటికి విచారణ పెట్టారు. విచారంతో మొదలై రణంతో ముగిసేది కాబట్టి దానికి మనవాళ్లు విచారణ అని పేరు పెట్టారని భీమశంకరం ఆ రోజు ఆఫీసులో నలుగురితో అన్నాడు. నలుగురిలో ఒక్కడికీ తెలుగు రాదు. అదీ ఒక విచారమే.

సాక్షిగా అవినాష్‌ని కాలేజీ దగ్గర కార్లో ఎక్కించుకున్నాడు.

"ఒరేయ్, అడిగిందానికి మాత్రం చెప్పు. నేనన్నది పక్కకు. తెలుగు మాట. తిట్టు కాదు. అంతే."

"గంతేనా అన్నా? మరి పక్కకు అంటే ఏందని అడుగుతరు గద?"

"అడిగితే అప్పుడు చూద్దాం. ముందు నా కార్డు పోవాలి."

అవినాష్ కిటికీ వైపు తిరిగి, "ఓవెన్ కూడా వస్తుండు గద అన్నా" అన్నాడు.

"రానీ. మన తరఫున మాట్లాడటానికే వస్తున్నాడు. బానిష్టోర్ లేకుండా విచారణేంటి!"

అవినాష్ ఇంకేదో అనబోయి మానేశాడు. ఓవెన్ వస్తే లాభమే అన్న ఆలోచనలో ఉన్న భీమశంకరం అది గమనించలేదు. కార్డు పోతుంది, ఆదివారం మూడో నంబరు తనది. కారు రేడియోలో ఎవరో పాడుతుంటే తనూ కూనిరాగం తీశాడు.

ఐరిష్ సంఘం హాల్లో ఒక పొడుగు బల్ల. బల్ల వెనక కమిటీవాళ్లు ముగ్గురు. మధ్యలో కూర్చున్న నోరీన్ అనే పెద్దావిడ రిటైరైన టీచర్. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు ఆవిడ ఎటు చూస్తే అటు తలాడిస్తున్నారు. బల్లకి ఒక పక్క మర్ఫీ, చేతిలో రిపోర్టు. ఇంకో పక్క ఓవెన్, భీమశంకరం, అవినాష్.

మర్ఫీ రిపోర్టు చదివాడు. ఆ నాలుగక్షరాల మాట వచ్చేచోట గొంతు సవరించుకుని, "ఆ మాట" అన్నాడు.

"మిస్టర్ భీమ్... మిస్టర్ బీమర్" అంది నోరీన్. "మీరన్న మాటేదో మాకు చెప్పండి."

భీమశంకరం లేచి నిలబడి, తెలుగు వాచకం చదువుతున్నట్టు "పక్కకు" అన్నాడు.

బల్ల వెనకవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మర్ఫీ తల అడ్డంగా ఊపాడు. "నేను విన్నది ఇది కాదు. నేను విన్నదాంట్లో గాలి ఉంది."

"సార్!" అన్నాడు భీమశంకరం. అతని మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకి మీరొక్క సరైన డెసిషన్ ఇచ్చారు! గాలే! గొడవంతా గాలిదే! ఆ కాగితం ఒక్కసారి ఇస్తారా?"

మర్ఫీ చేతిలో నుంచి రిపోర్టే తీసుకుని, నోటి ముందు పట్టుకుని "పక్కకు" అన్నాడు. కాగితం కదల్లేదు. బల్ల వెనకవాళ్లు ముందుకి వంగారు. ఆ కాగితాన్ని ఓవెన్ చేతికిచ్చి, షూ లేసులు బిగించుకుని, హాలు చుట్టూ పరుగు మొదలుపెట్టాడు. మొదటి రౌండ్‌లో నోరీన్ నవ్వాపుకుంది. మూడో రౌండ్‌లో అటూ ఇటూ ఉన్నవాళ్లు కుర్చీలు జరిపి దారిచ్చారు. ఆరో రౌండ్ అయ్యాక, చొక్కా వీపుకి అంటుకుపోయి, ఓవెన్ పట్టుకున్న కాగితం ముందు ఆగి, రొప్పుతూ అరిచాడు.

కాగితం ఓవెన్ వేళ్లలోంచి ఎగిరి మర్ఫీ ఒళ్లో పడింది. వచ్చిన మాట ఎలా వచ్చిందంటే, పక్క గదిలో పిల్లలకి డాన్స్ నేర్పుతున్న టీచర్ తలుపు తీసి చూసి, మళ్లీ వేసుకుంది.

"దేవుడా!" అంది నోరీన్. "అచ్చం అదే."

"అదే మాట!" అన్నాడు మర్ఫీ. తర్వాత కాగితం వైపు చూసి, గడ్డం గోక్కుని, "అదే మాట, కానీ మొదట చెప్పింది కూడా అదే మాటన్నమాట" అన్నాడు. రేడియో మొదటిసారి అవతలి మనిషి మాట విన్నట్టుంది. "సరే. కానీ మేడమ్, అతని భాషలో అది ఇంకా పెద్ద తిట్టు కాదని ఏమిటి గ్యారంటీ? అర్థం తెలియాలి."

"న్యాయమే" అంది నోరీన్. భీమశంకరం వైపు చూసింది. అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కొలిమితిత్తిలా ఎగిరిపడుతున్నాడు. జవాబు చెప్పే స్థితిలో లేడు. అందుకని ఆవిడ అవినాష్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాయనా. ఆ మాట నీతోనే కదా అన్నాడు. అర్థమేంటి?"

అవినాష్ భీమశంకరం వైపు చూశాడు. తర్వాత ఓవెన్ వైపు చూశాడు. ఓవెన్ చేతులు కట్టుకుని, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. అప్పుడు తట్టింది భీమశంకరానికి, కార్లో కుర్రాడు అనబోయి మానేసిందేంటో. పక్కకు అంటే ఏంటో ఓవెన్‌కి తెలిసిన మరుక్షణం, ఆ బంతి దగ్గర ఎవరు ఎవర్ని జరగమన్నారో కూడా తెలిసిపోతుంది.

"అంటే మేడమ్..." అన్నాడు అవినాష్ ఇంగ్లీషులో, మెల్లగా. "ఇట్ మీన్స్... గుడ్ జాబ్. వెల్ డన్. అట్లాంటిది. నన్ను మెచ్చుకున్నడు."

నోరీన్ మొహం విచ్చుకుంది. "మెచ్చుకున్నందుకు కార్డా! పాపం!" మర్ఫీ కూడా తలాడించాడు. పెన్ను తీసి రిపోర్టు మీద కొట్టేయబోయాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కార్డు పోయేది, ఆదివారం వచ్చేది, మూడో నంబరు నిలబడేది. కుర్రాడు బెంచీ మీద కూర్చునేవాడు, అంతే కదా! ఇరవై నాలుగేళ్ల వాడికి ఇంకా ఇరవై ఫైనల్సున్నాయి. ఇదంతా భీమశంకరానికి అర్థమైంది. అర్థమైనా, తప్పు అనువాదం చెవిలో పడితే గొంతులో చేపముల్లు పడ్డట్టుంటుంది అతనికి. దానికి తోడు, బెంచీ మీద కూర్చోబోయేవాడే తన కోసం శభాష్ తెచ్చి అతికించాడు. అది ఇంకో ముల్లు. రెండిట్లో ఏది ఎక్కువ గుచ్చిందో అతనికే తెలియదు.

"పక్కకు అంటే శభాష్ ఏంట్రా, వెధవా!" అని తెలుగులో మొదలై, ఇంగ్లీషులోకి దొర్లింది. "మేడమ్, వీడు తప్పు చెబుతున్నాడు. పక్క అంటే సైడ్. కు అంటే టు. పక్కకు అంటే టు ద సైడ్. జరుగు, బంతి నాకొదిలేయ్ అని. వీడు చక్కగా బంతి కింద నిలబడ్డాడు. నేనే జరగమన్నాను. పెద్దవాణ్ణి కదా, మాట విని జరిగాడు."

పక్క గదిలో నుంచి ఐరిష్ డాన్స్ బూట్ల టకటకలు వినిపిస్తున్నాయి. ఓవెన్ కట్టుకున్న చేతులు విప్పాడు.

నోరీన్ అటూ ఇటూ చూసింది. అటూ ఇటూ తలలూపారు. "జరుగు అనడం బూతు కాదు. నల్లకార్డు రద్దు. నిషేధం లేదు. మిస్టర్ బీమర్, ఆదివారం మీరు ఆడొచ్చు."

మర్ఫీ లేచి వచ్చి చెయ్యి కలిపాడు. "ఇరవై రెండేళ్లుగా రిఫరీ చేస్తున్నాను. నా డెసిషన్‌ని పరిగెత్తి మార్పించినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇంతకాలం ఎదురుచూసిన ఆ మాట అప్పుడు భీమశంకరం చెవికి ఆనలేదు. అతని చూపంతా తలుపు దగ్గర నిలబడ్డ ఓవెన్ మీదే ఉంది.

కార్ పార్క్‌లో ఇంకా ఎండ ఉంది.

"బీమర్" అన్నాడు ఓవెన్. "నువ్వు వాణ్ణి ఆ బంతి మీది నుంచి జరగమన్నావా?"

"అవును, కానీ నాకు దొరుకుతుందనుకున్నాను..."

"మూడు రోజులుగా నేను వీణ్ణి తిడుతున్నాను. ప్రాక్టీస్‌లో అందరి ముందూ తిట్టాను. నువ్వు అక్కడే ఉన్నావు."

"షూ లేసు..." అన్నాడు భీమశంకరం.

"ఆదివారం అవినాష్ ఫుల్‌బ్యాక్. నువ్వు బెంచీ."

"ఓవెన్! ఇప్పుడే కదా గెలిచాం! కమిటీ నన్ను ఆడొచ్చు అంది!"

"ఆడొచ్చు అంది. ఆడించు అనలేదు." ఓవెన్ కారు తలుపు తీశాడు. "దానికి అప్పీల్ లేదు. దానికి నేనే రిఫరీని, నేనే కమిటీని." ఎక్కబోతూ ఆగి, కొంచెం మెత్తబడి, "ఆ కాగితం ఐడియా బాగుంది" అని చెప్పి వెళ్లిపోయాడు.

భీమశంకరం కొరోలా బానెట్ మీద కూర్చున్నాడు. ఇది ఎలాంటి ఆట! తప్పు చేయని మాటకి కార్డు వేశారు. ఆ కార్డు ఉంటే అన్యాయమైపోయినవాడిగా ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు, పదేళ్లు చెప్పుకోదగ్గ కథ! న్యాయం జరిగింది, కథా పోయింది, చోటూ పోయింది. తిట్టుకుందామంటే మర్ఫీ మీద కూడా కోపం మిగల్లేదు. మర్ఫీని అన్యాయంగా ద్వేషించుకునే హక్కు కూడా ఈ దేశం లాగేసుకుంది.

ఫోన్ మోగింది.

"ఏమైందండీ?" అంది ఛాయాదేవి.

"గెలిచాను."

"నిజంగా! అయితే ఆదివారం రష్మిని తీసుకుని ముందే వచ్చి ముందు వరసలో కూర్చుంటాం. జ్ఞానప్రసూనగారిని కూడా పిలవనా?"

"ఎవర్నీ పిలవకు. గెలిచాను కానీ ఆడటం లేదు."

"అదేంటండీ?"

"తెలుగు వల్ల గెలిచాను, తెలుగు వల్లే పోయింది. ఇంటికొచ్చి చెబుతా. రంగులేమీ లేవు, భయపడకు."

ఫోన్ పెట్టేసేసరికి అవినాష్ పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి తీస్తున్నాడు.

"నేను మంచిగనే కవర్ చేసిన గదన్నా. నువ్వెందుకు నోరు తెరిసినవ్?"

"శభాష్ అంటావురా పక్కకుని? కరీంనగర్‌లో అదే చెప్పారా నీకు?"

"కరీంనగర్ల పక్కకు అంటే పక్కకే అన్నా. నీ కోసం మార్చిన."

"మార్చేటప్పుడు కనీసం దగ్గర మాట చూసుకోవాలి కదరా! 'జాగ్రత్త' అని చెప్పొచ్చు. 'చూసుకో' అని చెప్పొచ్చు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నాకూ నోరు దురద పెట్టేది కాదు."

"అప్పుడు తట్టలేదన్నా." అవినాష్ తల గోక్కున్నాడు. "అయినా నువ్వట్ల చెప్పినందుకు... థాంక్స్ అన్నా."

"థాంక్స్ ఒకటి! పదేళ్ల తర్వాత ఒక్కటంటే ఒక్కటి నా చేతిలోకి వచ్చింది, నా నోటితోనే పోగొట్టుకున్నాను. ఎక్కు కారు."

అన్నాడు కానీ కారెక్కలేదు. ట్రంకు తెరిచాడు. బ్యాగులో నుంచి మూడో నంబరు జెర్సీ తీశాడు. విచారణ గెలిచిన వెంటనే ప్రాక్టీసుకి పోదామని తెచ్చుకున్నది, మడత కూడా నలగలేదు. ఒకసారి వెనక్కి తిప్పి నంబరు చూసి, అవినాష్ మీదికి విసిరాడు.

అవినాష్ దాన్ని టీషర్ట్ మీదే తొడుక్కుని చూశాడు. చేతులు మోచేతుల దాకా, కింద మోకాళ్ల దాకా వచ్చింది. మధ్యలో గాలి దూరి గుడారంలా ఉబ్బింది.

"అన్నా, దీంట్ల మనిద్దరం పడతం!" అన్నాడు కారెక్కుతూ.

"పడతాం. ఓవెన్ ఒక్కణ్ణే ఆడిస్తాడు" అన్నాడు భీమశంకరం, కారు రివర్స్‌లో పెట్టి. "సీట్‌బెల్ట్ పెట్టుకో. పరిగెత్తేటప్పుడు దాన్ని నిక్కర్లోకి దోపుకో, లేకపోతే కాళ్లకి అడ్డం పడుతుంది. నీకు నువ్వే కాలు అడ్డం పెట్టుకున్నావని మర్ఫీ దానికీ ఒక కార్డు తీస్తాడు."